డ్రాయింగు మాస్టారి చీవాట్లూ చెప్పాలి

విజయవాడలో డ్రాయింగు మాస్టారి సంస్మరణ సభపై మీరు వేసిన వార్తలో పొగడ్తలే తప్ప ఆయన చీవాట్ల ఊసే లేదు. నేనూ ఆయన శిష్యుణ్నే. రబ్బరు కనిపిస్తే కిటికీలోంచి విసిరేసేవారు. తప్పు గీతను చెరపనివ్వకుండా దాని పక్కనే సరైనది గీయించేవారు. నా చేతికి నిలకడ అలాగే వచ్చింది. కానీ నా పక్కన కూర్చునేవాడి బొమ్మను అందరి ముందూ చింపేశారు. వాడు మళ్లీ కుంచె పట్టలేదు, సభకూ రాలేదు. ఎలా వస్తాడు? ఇప్పుడు విగ్రహానికి చందాలట! ఆ డబ్బుతో ఆయన దిద్దిన పాత డ్రాయింగు పుస్తకాలు సేకరించి, 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన బాపు మ్యూజియంలోనే ప్రదర్శించాలి. నొచ్చుకున్న శిష్యుల మాటలూ వాటి పక్కనే ఉంచాలి. మిగిలిన సొమ్ముతో మున్సిపల్ పాఠశాలల పిల్లలకు రంగులు, కాగితాలు కొనివ్వాలి.