వార్షిక నివేదిక: రహస్యలిపులతో శేషాల గణితం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

ఒక సంఖ్యతో భాగించగా మిగిలే శేషాలతోనే లెక్కలు చేసే శేషాల అంకగణితాన్ని, అంటే మాడ్యులర్ అరిథ్‌మెటిక్‌ను, రహస్యలిపుల ద్వారా బోధించాలన్న గత సర్వసభ్య సమావేశ తీర్మానం మేరకు మన గణితోపాధ్యాయుల సంఘం ఈ ఏడాది చేసిన పనిని మీ ముందు ఉంచుతున్నాం.

తెలుగు వర్ణమాలతోనే మొదలుపెట్టాలని కొందరు సభ్యులు కోరినా, గుణింతాలకు, వత్తులకు ఏ సంఖ్యలు ఇవ్వాలన్నది తేలక, 26 ఇంగ్లీషు అక్షరాలకు 0 నుంచి 25 వరకు సంఖ్యలు ఇచ్చే పద్ధతినే ఎంచుకున్నాం.

జూలియస్ సీజర్ వాడాడని చెప్పే, ప్రతి అక్షరాన్నీ మూడు స్థానాలు ముందుకు జరిపే లిపి పిల్లలకు ఒక్క పీరియడ్‌లోనే పట్టుబడింది. రెండు అట్టచక్రాలను ఒకే గుండుసూదికి గుచ్చి తిప్పితే, జెడ్ తర్వాత మళ్లీ ఏ రావడం కంటికే కనిపిస్తుంది. విప్పేటప్పుడు 0 నుంచి 3 తీసేస్తే వచ్చే -3 దగ్గర మాత్రం చాలామంది ఆగిపోయారు. చక్రాన్ని వెనక్కి తిప్పి 23 దగ్గర నిలిపి చూపాకే ముందుకు కదిలారు.

అసలు పాఠం, అక్షరం సంఖ్యను ఒక గుణకంతో గుణించి 26తో భాగిస్తే వచ్చే శేషాన్ని తీసుకునే గుణకార లిపిలో దొరికింది, అదీ మా పొరపాటు వల్ల. అభ్యాసపత్రంలో గుణకం 3కు బదులు 2 అని అచ్చయింది. ఒక జట్టు ‘సీ ఏ టీ’ని 2తో గుణించి ‘ఈ ఏ ఎమ్’గా పంపితే, అవతలి జట్టు దాన్ని ‘పీ ఏ టీ’ అని చదివింది. తమదే సరైనదని ఇరు జట్లూ వాదించాయి, నిజానికి ఎవరి లెక్కా తప్పు కాదు: సీ విలువ 2ను రెట్టిస్తే 4, పీ విలువ 15ను రెట్టిస్తే 30, దాన్ని 26తో భాగిస్తే శేషం మళ్లీ 4. 26తో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని గుణకాలే పనికొస్తాయనీ, 1 నుంచి 25 వరకు అలాంటివి 12 మాత్రమే ఉన్నాయనీ పిల్లలే పట్టిక వేసి తేల్చారు. 3తో గుణించి దాచినదాన్ని 9తో గుణించి విప్పవచ్చని, ఎందుకంటే 27ను 26తో భాగిస్తే శేషం 1 అని, ఆ తర్వాత చెప్పడం తేలికైంది. సీజర్ లిపితోనే ఆపేస్తే ఇది ఆటగానే మిగులుతుందని మా అభిప్రాయం.

వచ్చే ఏడాది గుణకారాన్నీ జరపడాన్నీ కలిపి, 12 గుణకాలను 26 జరుపులతో గుణిస్తే వచ్చే 312 తాళంచెవులు, అంటే దాచే విధానాలు, ఉన్న లిపిని చేపట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. అట్టచక్రాలు తమ వద్దే ఉంచుకున్న సభ్యులు వాటిని వచ్చే సమావేశానికి తీసుకురావలసిందిగా కోరుతున్నాం.