మా తోటలో రైలు గురించి, అసలు పట్టాల గురించి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో మా కొబ్బరితోటలో తిరిగే రైలు ఫొటో వేశారు. సంతోషం. మా ఆవిడ నాలుగు కాపీలు కొనిపించి చుట్టాలకు పంపింది. అయితే అందులో నన్ను విశ్రాంత లోకో పైలట్ అని రాశారు. నేను ఒక్కరోజు కూడా ఇంజను నడిపినవాణ్ణి కాదండి. 34 ఏళ్ళు పట్టాల వెంట నడిచినవాణ్ణి. పట్టాలు బాగుచేసే ముఠాలో గ్యాంగ్‌మన్‌గా చేరి, ఎక్కువ కాలం రోజూ లైను నడిచి చూసుకునే కీమన్‌గా చేసి, ఆ ముఠాకి పెద్దగా, అంటే మేట్‌గా రిటైరయ్యాను.

వచ్చిన విలేకరి కుర్రాడు మంచివాడే. గంటన్నర ఉన్నాడు, అందులో గంటంపావు ఇంజను చుట్టూనే తిరిగాడు. పట్టాల దగ్గరికి తీసుకెళ్ళి చెప్పబోతే "అది సరే బాబాయ్, ఈ హారన్ ఎక్కడ దొరికింది?" అన్నాడు. చివరికి పేపర్లో "పది నెలల్లో రైలు తయారు, ఖర్చు పది లక్షలు" అని పడింది. ఖర్చు రెండు లక్షల అరవై వేలు. ఆ పది లక్షల మాట చదివి మా అమ్మాయి అత్తారింటి నుంచి ఫోను కూడా వచ్చింది, ఆ గొడవ ఇక్కడ వద్దు. ఇంజనుకి పది నెలలు పట్టిందన్నది నిజం. పట్టాలకు మూడేళ్ళు పట్టింది.

ఆ మూడేళ్ళ ముచ్చట రాయకపోవడం వల్ల ఈ వారంలో నలుగురు మా ఇంటికొచ్చారు. నలుగురూ అడిగింది మోటారు సంగతే. ఒకాయన అప్పటికే కొనేసి సంచిలో పెట్టుకుని మరీ వచ్చాడు. ఆయన తోట గోదావరి మధ్య లంకలో ఉంది. లైను ఎక్కడ వేస్తారండీ అంటే "నేల మీదే కదండీ" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం.

మా తోట 70 సెంట్లు. మధ్యలో పెంకుటిల్లు, వెనక పశువులపాక, పడమటి వైపు బోదె, అంటే చిన్న పంటకాలువ. ఇంటినీ పాకనూ చుట్టి, బోదె గట్టు వెంట వచ్చే లైను పొడవు 160 మీటర్లు. గేజి, అదే రెండు పట్టాల మధ్య ఎడం, ఏడుంపావు అంగుళాలు, అంటే 184 మిల్లీమీటర్లు. మనిషి ఎక్కి తిరిగే పెరటి రైళ్ళకు ఇంగ్లండులో బాగా వాడే గేజి ఇది. అమెరికాలో చాలాచోట్ల ఏడున్నర. పావు అంగుళమే కదా అని ఆ చక్రాలు తెప్పించుకుంటే ఈ పట్టాల మీద నడవవు. 5 అంగుళాలది కూడా ఉంది, నా ఒళ్ళు చూసుకుని దాని జోలికి పోలేదు.

బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. నాది అందులో తొమ్మిదో వంతు. మెయిన్ లైనులో ఒక పక్క పట్టా 9 మిల్లీమీటర్లు దిగితే బండి ఎంత ఒరుగుతుందో, నా లైనులో ఒక్క మిల్లీమీటరు దిగితే అంత ఒరుగుతుంది. పైగా గేజి తగ్గింది గానీ పైన కూర్చునే మనిషి తగ్గలేదు. కింద మన్ను కూడా అదే మన్ను.

ఆ మన్ను దగ్గరే నా పరువు పోయింది. 2019 ఎండాకాలంలో మొదటి లైను వేశాను. మాది బంకమన్ను. మే నెలలో బీటలు తీసి రాయిలా ఉంటుంది. చదును చేయించి, మీద కంకర పోసి, పట్టాలు పెట్టేశాను. ఎవరో కట్టిచ్చిన కట్ట మీద 34 ఏళ్ళు పనిచేసినవాడికి, కట్ట కట్టడం కూడా వచ్చేసిందనుకున్నాను. జులైలో నాలుగు వానలు పడేసరికి కంకర మన్నులోకి దిగింది, మన్ను బురదై కంకర సందుల్లోంచి పైకొచ్చింది. పట్టాలు పాము పోయినట్టు తయారయ్యాయి.

పాక వెనక మూల మరీ ఘోరం. అక్కడ కొమ్ముపురుగు కొట్టేసిన చెట్టొకటి తీయించి, ఆ గోతిలో కొబ్బరి డొక్కలు (కాయ ఒలిచిన పీచు తొక్కలు) పోయించి మన్ను కప్పించాను. మన వైపు గొయ్యి పూడ్చాలంటే ముందు గుర్తొచ్చేది డొక్కలే కదా. లైను సరిగ్గా దాని మీదుగా పోయింది. డొక్కలు నీళ్ళు తాగి మెత్తబడి ఉన్నాయి. మా మనవడు వెనక బండి మీద ఉండగా ఎడమ పట్టా జానెడు దిగిపోయింది. బండి ఒరిగి వాడు కొబ్బరిపాదులో పడ్డాడు. పాదు నిండా నీళ్ళుండబట్టి దెబ్బ తగల్లేదు. లేచి "తాతా, మళ్ళీ" అన్నాడు. మా ఆవిడ మాత్రం మూడురోజులు నాతో మాట్లాడలేదు.

మొత్తం పీకేశాను. రెండడుగుల వెడల్పున అడుగు లోతు తవ్వించి, కింద ఇసుక, దాని మీద ఎర్ర గ్రావెల్ పొరపొరకీ తడిపి దిమ్మిస కొట్టించాను. ఆ పైన క్వారీ డస్టు, దాని మీద 12 ఎంఎం కంకర చిప్స్. శ్లాబుకి వాడే 20 ఎంఎం కంకర ఈ చిన్న స్లీపర్ల కింద, అంటే పట్టాలకు అడ్డంగా వేసే దిమ్మల కింద, కుక్కడానికి దూరదు. కట్టను తోట నేల కంటే అరడుగు ఎత్తు లేపాను. అదొక్కటే చాలదు. బంకమన్నులో తవ్విన కాలువ తొట్టి లాంటిది, పడ్డ నీరు అందులోనే నిలుస్తుంది. అందుకని పది మీటర్లకొకచోట బోదె వైపు పక్కకాలువ తీశాను. ఈ పనికే రెండు ఎండాకాలాలు పోయాయి, వానాకాలంలో మన్ను పని ఎటూ సాగదు.

స్లీపర్లకు కొబ్బరి కలప పనికిరాదు, తడి నేలలో ఇట్టే చివికిపోతుంది. పక్క ఊళ్ళో పాత ఇల్లు విప్పుతుంటే తాటి దూలాలు కొన్నాను. తాటి చేవ కోయించి, వాడేసిన ఇంజనాయిల్లో నానబెట్టి వేశాను. 530 స్లీపర్లు. పట్టా అంటే 25 బై 10 మిల్లీమీటర్ల ఇనుప పట్టీ, అంచు మీద నిలబెట్టింది. మీటరుకి రెండు కిలోలు, అంతా కలిపి ఆరువందల కిలోల పైచిలుకు. మా ఊరి వెల్డింగు కుర్రాడు అతుకులన్నీ నున్నగా కలిపేస్తానన్నాడు. వద్దురా అన్నాను. 6 మీటర్ల ఇనుము 30 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. సంక్రాంతి రోజుల తెల్లవారుజాము చలికీ రోహిణీ కార్తె మధ్యాహ్నపు ఎండకీ తేడా అంతకంటే ఎక్కువే. కాబట్టి జనవరిలో పట్టా వేస్తే అతుకు దగ్గర రెండు రూపాయి బిళ్ళలు జతగా పట్టేంత సందు వదలాలి. టకటక చప్పుడు ఆ సందులదే. మెయిన్ లైనులో పొడుగు పట్టాలు వెల్డింగు చేశాక ఆ చప్పుడు చాలావరకు పోయింది. మా తోటలో మాత్రం ఉంది.

చక్రాల దగ్గర ఇంకో పేచీ. లేతు పని చేసే అబ్బాయి ఎనిమిది చక్రాలూ అద్దంలా సమంగా తీసి ఇచ్చాడు. పనితనానికి వంక పెట్టడానికి లేదు, రైలుకి మాత్రం పనికిరావు. రైలు చక్రం లోపలి వైపు లావుగా, బయటికి పోయేకొద్దీ కాస్త సన్నంగా ఉంటుంది. ఇరవైకి ఒకటి వాలు. చెబితే నమ్మలేదు. టీ తెప్పించి, తాగేసిన రెండు కాగితం కప్పులు మూతికి మూతి ఆనించి టేపు చుట్టాను. రెండు కర్రలు పట్టాల్లా పెట్టి ఏటవాలుగా దొర్లించాను. ఒక పక్కకి పోయినా తనంతట తనే మధ్యకి సర్దుకుంటూ వెళ్ళింది. ఆ అబ్బాయి నాలుగుసార్లు తనే దొర్లించి చూసుకుని, మజూరీ తీసుకోకుండా చక్రాలు మళ్ళీ తీసిచ్చాడు. వంపులు కూడా మొదట 6 మీటర్ల వ్యాసార్ధంతో వేసి చక్రాలు కీచుమని పట్టా ఎక్కుతుంటే, 10 మీటర్లకు పెంచి, అక్కడ గేజి రెండు మిల్లీమీటర్లు వదులు చేశాక గానీ కుదురుకోలేదు.

ఇక నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడని శత్రువు ఒకటి ఉంది. ఎండ్రకాయ. ఇప్పటికీ రోజూ పొద్దున్నే కాఫీ తాగి చిన్న సుత్తి పట్టుకుని 160 మీటర్లూ నడుస్తాను. "డ్యూటీకా?" అంటుంది మా ఆవిడ. రెండేళ్ళ కిందట వానాకాలంలో బోదె పక్కన ఒక స్లీపరు మీద సుత్తి వేస్తే బోలుగా మోగింది. పైకి చూస్తే పట్టా గీత గీసినట్టే ఉంది. చిప్స్ తోడి చూస్తే స్లీపరు కింద పిడికిలి పట్టేంత బొరియ, లోపల నుంచి రెండు కళ్ళు. స్లీపరు గాల్లో వేలాడుతోంది. కోళ్ళగూటికి కొట్టే ఇనుపవల తెచ్చి బోదె వైపు గట్టుకి పాతిపెట్టాను. అవి తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. అవి అక్కడ నాకంటే ముందు నుంచి ఉన్నాయి మరి.

మీ ఫొటోలో మా మనవరాలు వెనక బండి మీద నిలబడి ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు మీ ఫొటోగ్రాఫరు అడిగితే నిలబెట్టాం. ఇది మాత్రం తప్పకుండా రాయండి: ఈ గేజి మీద ఎవరూ నిలబడకూడదు. గుర్రం ఎక్కినట్టు రెండు పక్కలా కాళ్ళేసి, వీలైనంత కిందికి కూర్చోవాలి. మా బండి సీటు పట్టా నుంచి అడుగు ఎత్తు మించదు. ఈ-రిక్షా మోటారు, 48 వోల్టులు. వేగం మనిషి చురుగ్గా నడిచినంత. హ్యాండిలు వదిలేస్తే కరెంటు దానంతటదే పోయి బండి ఆగుతుంది.

చాదస్తమనుకుంటారేమో. అమెరికాలో వాల్ట్ డిస్నీ 1950లో తన పెరట్లో ఇదే ఏడుంపావు గేజి మీద ఆవిరి ఇంజను నడిపాడు. లైను 2,615 అడుగులు. భార్య పూలమొక్కలు పాడవకుండా వాటి కింద నుంచి 90 అడుగుల సొరంగం వేయించాడు. మా ఆవిడ కూడా కరివేపాకు చెట్టు ముట్టుకోవద్దంది. మా దగ్గర నాలుగడుగులు తవ్వితే నీళ్ళు, సొరంగం మాట దేవుడెరుగు. లైనే అవతలికి జరిపాను. 1953లో డిస్నీ రైలును ఒక అతిథి వంపులో జోరుగా తోలితే ఇంజను పట్టా తప్పింది. ఆవిరి తగిలి ఐదేళ్ళ పాపకు కాలింది. ఆయన లైను మూసేశాడు. డబ్బుకీ పనివాళ్ళకీ లోటు లేని మనిషి. నాకు ఆవిరి లేకపోయినా వంపులున్నాయి. అందుకే మొన్న వచ్చిన నలుగురిలో ఫంక్షన్ హాలాయన "పెళ్ళిళ్ళకి అద్దెకిస్తారా?" అంటే దణ్ణం పెట్టి పంపేశాను.

బొమ్మ రైలు అని కూడా రాశారు. దింపు, అంటే చెట్ల నుంచి కాయలు దించడం, అయ్యాక కాయలను రాశి పోసే చోటికి చేర్చేది ఇదే. రెండు ట్రాలీల్లో ట్రిప్పుకి 80 కాయలు. దింపు జరుగుతున్నంత సేపూ లైను బ్లాకు, అంటే బండి నడవదు, పైనుంచి కాయ పడితే హెల్మెట్ కూడా తట్టుకోదు. గోదావరి మీద మొట్టమొదటి పట్టాలు కూడా బరువు మోయడానికే పడ్డాయి. కాటన్ దొర 1845లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట రాయి కోసం వేయించాడు, పనయ్యాక తీసేశారు.

శీర్షిక మాట చివరికి దాచుకున్నాను. "కోనసీమకు రైలొచ్చింది" అన్నారు. గౌతమి అవతలి ఒడ్డునే ఆగిపోయే కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేసి, యుద్ధం రోజుల్లో 1940లో పట్టాలు పీకేశారు. మా నాన్న ముక్తేశ్వరం రేవులో పడవెక్కి కోటిపల్లి గుడికి వెళ్ళినప్పుడల్లా పట్టాల్లేని ఆ కట్ట చూసొచ్చి చెప్పేవాడు. 2004లో మళ్ళీ వేశారు. కోటిపల్లి నుంచి నరసాపురానికి 57 కిలోమీటర్ల లైను 2000-01 బడ్జెట్టులో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలు దాటాలి. అమలాపురంలో రైలెక్కే రోజు ఇంకా రాలేదు. ఆదివారం పొద్దున మా ఊరి పెద్దాయన ఒకరు ఆ శీర్షిక ఒక్కటీ చదివి ఫోను చేశారు. ఎనభై దాటాయి ఆయనకి. "ఏరా, వచ్చేసిందా? అమలాపురం దాకానా?" అన్నారు. "కాదు మావయ్యా, మా పెరట్లోది" అనడానికి నాకు నోరు రాలేదు. ఫోను మా ఆవిడ చేతికిచ్చేశాను.

సవరణ వేస్తే కీమన్ అని వేయండి. ఆ విలేకరి అబ్బాయిని మళ్ళీ పంపుతానంటే, మా తర్వాతి దింపు కార్తీక మాసంలో. అది అయిన మర్నాడు మట్టలన్నీ తీసి లైను శుభ్రం చేసి ఉంచుతాను. ఈసారి ఇంజను షెడ్డులోనే ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత కీమన్,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా