బడి చెరువుకు అడవి బాతులు రావాలంటే ఏ మొక్కలు పెంచాలి?

పాఠశాల వార్తాలేఖ – ఏప్రిల్ సంచిక

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

బడి వెనుక చెరువులో ఈ వేసవిలో పూడిక తీయించాలని, ఆ తరువాత అడవి బాతులు వచ్చి వాలేటట్టు అందులో తగిన మొక్కలు పెంచాలని తల్లిదండ్రుల కమిటీ గత సమావేశంలో తీర్మానించిన సంగతి మీలో చాలామందికి తెలుసు. మొక్కల ప్రస్తావన వచ్చినప్పుడు ఎక్కువమంది చెరువు నిండా తామరలు వేయమని కోరారు. ఆ కోరికను ఉన్నదున్నట్టు అంగీకరించలేకపోతున్నాము. అందుకు కారణాలేమిటో, తామరకు బదులు వేటిని ఎంచుకున్నామో, మీ నుంచి ఏ సాయం కావాలో ఈ లేఖలో వివరిస్తున్నాను.

ముందుగా మన చెరువుకు ఏ బాతులు రాగలవో ఆలోచించాలి. మనం కొల్లేటి అంచున ఉన్నాము. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఆ సరస్సుకు ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో ఉత్తరాది దేశాల నుంచి సూదితోక బాతులు, గార్గనీ బాతులు, వెడల్పాటి ముక్కుతో నీటిని వడగట్టుకొని తినే షవెలర్లు వచ్చి మార్చి దాకా ఉంటాయి. ఇవి విశాలమైన నీటిని ఇష్టపడే గుంపులు కాబట్టి మన చిన్న చెరువుకు వస్తాయని పిల్లలకు ఆశ పెట్టడం సరికాదు. ఒకటి రెండు జతలు దిగితే అదృష్టమే. మనం నిజంగా నమ్మకం పెట్టుకోదగినవి ఏడాది పొడవునా ఇక్కడే ఉండే బాతులు. అవి ఎగురుతూ ఈల వేసినట్టు కూసే గోధుమరంగు ఈల బాతులు, నల్లని ముక్కు చివర పసుపు రంగు ఉండే స్పాట్‌బిల్ బాతులు, మన దేశపు బాతులన్నిటిలోకి చిన్నదైన కాటన్ టీల్. ఈల బాతులు ఎక్కువగా రాత్రివేళ పొలాల్లో మేసి పగలు చెరువుల్లో విశ్రాంతి తీసుకుంటాయి. వాటికి తిండితో పాటు చాటు కూడా కావాలి, చాటుతో పాటు దిగడానికి, లేవడానికి తెరిపి నీరూ కావాలి. మొక్కల ఎంపిక అంతా ఈ మూడింటి మధ్య పొత్తు కుదర్చడమే.

నేను చెప్పిన బాతుల్లో చాలావరకు మునిగి ఈదుతూ మేసేవి కావు. తల నీటిలో పెట్టి, తోక పైకెత్తి, మెడ అందినంత మేర అడుగున ఉన్న గింజలను, దుంపలను, పురుగులను ఏరుకుంటాయి. వాటి మెడకు అందేది సుమారు మూరెడు లోతు. అంతకు మించిన లోతులో ఎంత మంచి మేత పెరిగినా వాటికి దక్కదు. మన చెరువు గట్లు నిట్టనిలువుగా ఉన్నాయి, ఒడ్డు దిగగానే నడుము లోతు వస్తుంది. అందుకే పూడిక తీసేటప్పుడు నడిమి భాగాన్ని మాత్రమే లోతు చేసి, తూర్పు, ఉత్తరపు ఒడ్లను ఒక అడుగు లోతుకు ఆరేడు అడుగుల దూరం పట్టేటట్టు ఏటవాలుగా తీర్చమని కాంట్రాక్టరుకు చెప్పాము. ఇది పిల్లల భద్రతకు కూడా మేలైన పని, కాలు జారినా ఒక్కసారిగా లోతులో పడే ప్రమాదం తగ్గుతుంది.

ఇక మొక్కల విషయానికి వస్తే, అన్నిటికంటే ముఖ్యమైనది పైకి కనిపించని నాచు. హైడ్రిల్లా, పొడవాటి పట్టీల వంటి ఆకులుండే వాలిస్నేరియా వంటి నీటి లోపలి మొక్కలను బాతులు నేరుగా తింటాయి. అంతకంటే ముఖ్యంగా, వాటి ఆకుల మధ్య పెరిగే నత్తలు, చిన్న రొయ్యలు, తూనీగ పిల్లలు, దోమ జాతి పురుగుల లార్వాలు బాతు పిల్లలకు తొలి వారాల్లో ప్రాణాధారం. గుడ్డు నుంచి వచ్చిన కొత్తలో పిల్లలు ఎదగడానికి మాంసకృత్తులు కావాలి, గింజలతో సరిపోదు. అయితే ఈ నాచు బతకాలంటే వెలుతురు అడుగుదాకా చేరాలి. చేపల సాగు చేసే తల్లిదండ్రులకు నేను చెప్పనవసరం లేదు: గడ్డిచేప ఉన్న చెరువులో నాచు మిగలదు, బంగారు తీగ బురదను కెలికి నీటిని ఎప్పుడూ మురికిగా ఉంచుతుంది. కనుక ఈసారి బడి చెరువులో ఆ రెండు రకాల చేపపిల్లలను వదలబోము. పరిగెల వంటి చిన్న నాటు చేపలు ఉంటే చాలు, దోమ పిల్లలను అవి చూసుకుంటాయి. పక్క చెరువుల నీరు మన చెరువులోకి రాకుండా తూము దగ్గర అడ్డు కట్టడం కూడా ఇందుకే. మేత, ఎరువులు కలిసిన నీరు చేరితే చెరువంతా పచ్చబడి లోపలి నాచు చచ్చిపోతుంది.

తామరను ఎందుకు కాదంటున్నానో ఇప్పుడు చెప్పగలను. తామర దుంప బురదలో వేగంగా పాకుతుంది, పూడిక తీసిన మెత్తటి అడుగు దొరికితే రెండు మూడేళ్లలో మన చెరువంతటినీ ఆక్రమించగలదు. నీటికి పైన లేచే పెద్ద ఆకులు వెలుతురును అడ్డుకుంటే కింద నాచు పోతుంది, తెరిపి నీరు మిగలక బాతు దిగలేదు. పూలు చూడటానికి వచ్చే మనుషుల సంఖ్య మాత్రం పెరుగుతుంది, అది బాతులకు మరో ఇబ్బంది. తామరను పూర్తిగా వద్దనడం లేదు. నాలుగు సిమెంటు ఒరలను అడుగుభాగం మూసి, మట్టి నింపి, దక్షిణపు మూలన దింపి వాటిలోనే తామరలు పెంచుదాము. ఒర దాటి పాకిన తీగను ఏటా కోసివేయాలి. మిగిలిన చోట్ల కలువలు వేద్దాము. నల్లకలువ, తెల్లకలువ మన చెరువుల సొంత మొక్కలు. వాటి ఆకులు నీటిమీద పరుచుకొని ఉంటాయే గాని గోడలా లేవవు, కాయ పగిలి రాలే సన్నని గింజలు బాతులకు మేత అవుతాయి. కాటన్ టీల్ జంటలు తిరిగేది ఎక్కువగా ఇటువంటి కలువ చెరువులలోనే. ఆకులు చెరువులో మూడో వంతుకు మించకుండా చూసుకోవాలి.

ఒడ్డున తుంగ జాతులు, పొన్నగంటి, తూటికూర పెంచుతాము. తుంగ గింజ బాతులకు చాలా ఇష్టమైన మేత, దాని దుబ్బులు బాతు పిల్లలకు చాటు. జమ్ము కూడా మంచి చాటే, కానీ అది కూడా తామర లాగే హద్దు ఎరుగదు కాబట్టి ఒక్క మూలకే పరిమితం చేస్తాము. బాతులు అన్నిటికంటే ఆశగా తినేవి ఊద గింజలు, నివ్వరి వడ్లు అన్నది నిజమే, ఇతర దేశాలలో బాతుల కోసం ఊద జాతి గడ్డిని ప్రత్యేకంగా విత్తే పద్ధతి కూడా ఉంది. అయినా మనం వాటిని విత్తబోవడం లేదు. మన చెరువు చుట్టూ వరి పొలాలే ఉన్నాయి. రైతు డబ్బు పెట్టి కలుపు తీయించే మొక్కను బడి పెంచి, దాని గింజను కాలువ నీటితో పొలాలకు పంపడం న్యాయం కాదు.

గుర్రపు డెక్క, నీటిమీద తేలే కలుపు మొక్క అయిన అంతర తామర, లొట్టపీసు మాత్రం ఒక్క మొక్క కూడా ఉండకూడదు. గుర్రపు డెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, నీటిమీద చాప పరిచినట్టు అల్లుకొని కింది నీటికి గాలి, వెలుగు అందకుండా చేస్తుంది, దాని గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. పాడి పశువుల కోసం కొందరు పెంచుతున్న అజొల్లా బాతులకు మంచి మేతే, కానీ దానిని తొట్లలోనే ఉంచండి, చెరువులో వదలవద్దు.

మొక్కలు నాటడంతో పని ముగియదన్న విషయానికి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ జాతీయోద్యానవనం మంచి ఉదాహరణ. అక్కడ 1982లో గేదెల మేతను నిషేధించారు. పక్షులకు మేలు జరుగుతుందని అందరూ అనుకున్నారు. మేసేవి లేకపోయేసరికి నీటి గడ్డి విపరీతంగా పెరిగి తెరిపి నీటిని మూసివేసింది, బాతులకు చోటు తగ్గింది. చాలా ఏళ్లు అక్కడ పరిశీలన జరిపిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు గేదెలు ఆ గడ్డిని అదుపులో ఉంచేవని తేల్చారు. కనుక ఏటా ఏప్రిల్, మే నెలల్లో, నీరు తగ్గాక, కమిటీ చెప్పిన రోజుల్లో మీ గేదెలను చెరువు ఒడ్డున మేపుకోవచ్చు. ఇన్నాళ్లూ గేదెలను తోలేసిన మన వాచ్‌మన్‌కు ఈ మార్పు నచ్చలేదని తెలుసు.

గట్టు మీద తెల్లమద్ది, నేరేడు, కానుగ మొక్కలు నాటుతాము. కాటన్ టీల్ చెట్టు తొర్రల్లో గూడు పెడుతుంది, ఈల బాతులూ తరచుగా అదే పని చేస్తాయి. మనం నాటే చెట్లకు తొర్రలు పడటానికి చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి, అప్పటిదాకా తొమ్మిదో తరగతి పిల్లలు చెక్కపెట్టెలు తయారుచేసి పాత చెట్లకు కడతారు.

మీలో కొందరు వ్యక్తం చేసిన భయాలకు సమాధానం చెప్పాలి. ఈ బాతులు చేపల సాగుకు నష్టం చేసేవి కావు, చేపలను ఏరుకుపోయేవి నీరుకాకులు, కొంగలు. విత్తిన నారుమళ్లలో ఈల బాతులు వాలి గింజ తినడం మాత్రం నిజమే. ఆ కొద్ది రోజులు రాత్రివేళ కాపలా తప్పదు, కానీ వలలు, మందులు పెట్టవద్దని వేడుకుంటున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతులను పట్టడం, చంపడం నేరం. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన తరువాత మీకున్న ఆందోళన సహజమైనది. అందుకే పెంపుడు బాతులను, కోళ్లను బడి చెరువులోకి దింపనివ్వము, బాతులకు అన్నం గాని రొట్టె గాని వేయనివ్వము, చచ్చిన పక్షి కనిపిస్తే పిల్లలు దగ్గరికి పోకుండా వెంటనే ఉపాధ్యాయులకు చెప్పాలి, మేము పశువైద్య సిబ్బందికి తెలియజేస్తాము. చెరువు చుట్టూ కంచె వేస్తాము. పిల్లలు పరిశీలనకు వెళ్లేది ఉపాధ్యాయుల వెంటే. నడిచే దారికి ఇరువైపులా గడ్డి పొట్టిగా కోయించి ఉంచుతాము, పాముల భయం అక్కడ తగ్గుతుంది.

మే నెలలో కాలువలకు నీరు ఆపేశాక పూడిక పని మొదలవుతుంది. మట్టిని పొలాలకు తోలుకోదలచిన రైతులు ఎప్పటిలాగే తోలుకోవచ్చు. అయితే పడమటి ఒడ్డున పైపొర మట్టిని ట్రాక్టర్లకు ఎత్తవద్దు, దానిని గట్టుమీద పోగుచేయించి పని అయ్యాక తిరిగి వాలు ఒడ్లపై పరుస్తాము. కలువ, తుంగ గింజలు అందులో నిద్రాణంగా ఉన్నాయి, నీరు రాగానే సగం మొక్కలు వాటంతటవే మొలుస్తాయి. గుర్రపు డెక్క ఎప్పుడూ లేని ఒడ్డు అదొక్కటే కాబట్టి ఆ మట్టినే ఎంచుకున్నాము. వాడని సిమెంటు ఒరలు ఉన్నవారు, తమ చెరువుల్లో నల్లకలువ దుంపలు ఉన్నవారు, కాలువలకు నీరు వదిలిన వారంలో ఒక పూట నాట్లకు రాగలిగినవారు సెలవులకు ముందే తమ పేర్లను పిల్లల తరగతి ఉపాధ్యాయులకు ఇవ్వగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు