ఆఖరి పేజీలు తిప్పి చూడకు

చిట్టీ,

"అమ్మా, 'రెబెక్కా' నవల సగం చదివేశా, ఇంతవరకు ఒక్క హత్యా లేదు, కథ చెప్పే పిల్లకి పేరు కూడా లేదు, చివర్లో ఏమవుతుందో చెప్పెయ్, బాగుందనిపిస్తే మిగతాది చదువుతా" అని అర్ధరాత్రి మెసేజ్ పెట్టావు చూడు, పొద్దున్న కాఫీ తాగుతూ చదివితే నవ్వొచ్చింది, కాస్త ఒళ్ళు కూడా మండింది. చెప్పను. ఫోన్‌లో అయితే కూపీ లాగి చెప్పించేస్తావు కాబట్టి కాగితం మీద రాస్తున్నా. రెండు కాగితాలున్నాయి. రెండోది మడిచి పిన్ను కొట్టాను, పుస్తకం పూర్తయ్యాకే విప్పాలి. సినిమాకి వెళ్ళే ముందు వికీపీడియాలో కథంతా చదివేసి వెళ్ళే రకానివి నువ్వు, అందుకే పిన్నులు కాస్త గట్టిగానే కొట్టాను.

ముందు హత్య సంగతి. మా కాలంలో సస్పెన్స్ అంటే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధరే. నేరం జరుగుతుంది, యుగంధర్, అసిస్టెంటు రాజు రంగంలోకి దిగుతారు, ఒక్కొక్క ఆధారం పట్టుకుని ముడి విప్పుతారు. వాటిని తక్కువ చెయ్యను, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివినదాన్నే. కానీ అక్కడ మనల్ని తరిమే ప్రశ్న "ఎవరు చేశారు" అన్నది. 'రెబెక్కా'లో ఇంకా ఏం జరిగిందో కూడా తెలీదు, అయినా కడుపులో ఏదో తిప్పుతూ ఉంటుంది. నీకు బోరు కొడుతోందంటున్నావు గానీ అర్ధరాత్రి దాకా చదివావంటే అది బోరు కాదు, టెన్షన్. దానికి కారణం శవం రూపంలో కనపడకపోయేసరికి నువ్వు పోల్చుకోలేదంతే.

ఆ ఫోన్ సీను గుర్తుందా? మాక్సిమ్ ద వింటర్‌కి రెండో భార్యగా ఆయన బంగళా మాండర్లీకి కొత్తగా వచ్చి, ఆ పిల్ల పొద్దున పూట కూర్చునే గదిలో ఆ బల్ల దగ్గర కూర్చుంటుంది. ఫోన్ మోగుతుంది. అవతలి గొంతు "మిసెస్ ద వింటర్?" అంటుంది. ఈ పిల్ల ఏమంటుంది? మీరు పొరబడ్డారు, మిసెస్ ద వింటర్ చనిపోయి ఏడాది దాటింది, అంటుంది! తనే మిసెస్ ద వింటర్ అని నోట్లోంచి మాట వచ్చేశాక గానీ వెలగదు. అవతల ఉన్నది ఎవరో కాదు, అదే ఇంట్లోంచి లోపలి లైన్లో మాట్లాడుతున్న హౌస్ కీపర్ మిసెస్ డాన్వర్స్. ఆ సీనులో కత్తి లేదు, చీకటి లేదు, పగటి పూట ఫోన్ కాల్. నాకైతే అక్కడే ఒళ్ళు జలదరించింది. తన పెళ్ళిని తనే నమ్మని మనిషి చేత ఈ కథ చెప్పిస్తున్నారని ఆ ఒక్క వాక్యంతో తెలిసిపోతుంది.

ఆ వెంటనే వచ్చే వంట సంగతి కూడా మళ్ళీ ఒకసారి చూడు. డాన్వర్స్ ఆ రోజు వంటల పట్టీ రాసి పంపుతూ సాస్ దగ్గర ఖాళీ వదిలేస్తుంది, మీరే చెప్పాలి అని. ఈ పిల్లకి ఏం తెలుసు సాసుల గురించి? మిసెస్ ద వింటర్ ఏది చెప్పేవారో అదే చెయ్యండి అంటుంది. మన సామెతలో అత్త లేని కోడలు ఉత్తమురాలు, కానీ మాండర్లీలో అత్త లేకపోయినా ఆ లోటు లేకుండా చూడ్డానికి ఒక హౌస్ కీపర్ ఉంది. డాన్వర్స్ ఒక్క మాట తూలదు, గౌరవంగానే నిలబడుతుంది, ఆ గౌరవంతోనే చంపుతుంది. ఇక చచ్చిపోయిన సవతి, రెబెక్కా. బతికున్న సవతితో అయితే జుట్టు పట్టుకునైనా పోట్లాడొచ్చు, లేనిదానితో ఏం పోట్లాడతాం? అది రోజురోజుకీ ఇంకా అందంగా, ఇంకా తెలివిగా తయారవుతుంది, ఎందుకంటే దాన్ని తయారుచేస్తున్నది మన బుర్రే కదా.

అందుకని నీకొక పని చెబుతా. పెన్సిల్ పట్టుకో. పుస్తకం ఎలాగూ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీనే, ముందు చదివినవాళ్ళెవరో ఇప్పటికే బోలెడన్ని గీతలు గీశారు, నువ్వూ గియ్యి. "వాళ్ళు ఇలా అనుకుంటూ ఉంటారు", "ఇప్పుడు వంటగదిలో నా గురించి ఇలా మాట్లాడుకుంటూ ఉంటారు" అని ఆ పిల్ల ఊహించిన చోటల్లా పక్కన చిన్న గీత. ఎంత పకడ్బందీగా ఊహిస్తుందో చూడు, డైలాగులతో సహా, ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో దానితో సహా. అందులో సగం పైన అసలు జరగనే లేదు. జరగనిదానికి భయపడుతున్నది ఆమే కాదు, నువ్వు కూడా. బల్ల మీది పింగాణీ బొమ్మ పగిలితే ముక్కలు కవర్లో పెట్టి సొరుగు వెనక దాస్తుంది చూడు, ఆ ఇంటికి యజమానురాలై ఉండి! నౌకరు మీద దొంగతనం నింద పడేదాకా వస్తుంది ఆ వ్యవహారం. నాకు ఆమె మీద జాలీ వేసింది, చెంప మీద ఒకటి ఇద్దామనీ అనిపించింది, ఒకే పేజీలో.

ఇక్కడొక మాట. నీకు నచ్చకపోవచ్చు, అయినా రాస్తున్నా. మీ ఆఫీసులో నీకంటే ముందు ఆ సీట్లో ఉన్న అమ్మాయి గురించి నువ్వు నాకు ఎన్నిసార్లు చెప్పావో నీకు గుర్తుండదు. ఆమె అన్నీ ముందే పూర్తిచేసేదట, క్లయింట్లకి ఆమె అంటే ప్రాణమట. ఆమెను నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు కదే. అంతకు మించి ఏమీ అనను, నవల గురించే రాద్దాం.

పేరు లేదని అడిగావు. కావాలనే ఇవ్వలేదు. రచయిత్రి డాఫ్నే దు మోరియే స్వయంగా చెప్పింది, మొదట తగిన పేరు తోచలేదట, ఆ తర్వాత పేరు లేకుండానే నడపడం ఒక పంతంలా పట్టుకుందట. చచ్చిపోయినామె పేరు అట్ట మీద, రుమాలు మీద, కవిత్వం పుస్తకం మొదటి పేజీలో అంత పెద్ద ఆర్ అక్షరంతో, బతికున్నామెకి మొత్తం 27 అధ్యాయాల్లో ఎక్కడా పేరే లేదు.

రచయిత్రి సంగతి కూడా కాస్త తెలిస్తే బాగుంటుంది. ఇంగ్లండులో కార్న్‌వాల్ సముద్రతీరం అంటే ఆమెకి పిచ్చి. భర్త సైన్యంలో ఆఫీసరు, 1937లో ఆయన ఉద్యోగం ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. ఆ ఎండలో, ఆఫీసర్ల భార్యలతో విందులు, పలకరింపులు, ఇష్టం లేని ఆ మర్యాదలన్నీ చేస్తూ అక్కడే ఈ నవల మొదలుపెట్టింది. అందుకే ఆ వాన, ఆ అజీలియా పూల వాసన, ఆ సముద్రపు పొగమంచు అంత ఆకలితో రాసినట్టుంటాయి, ఎదురుగా ఉన్నదాన్ని ఎవరూ అలా రాయరు. ఆమె భర్తకి అంతకు ముందు ఇంకొకామెతో పెళ్ళి నిశ్చయమై తప్పిపోయింది, ఆ ఉత్తరాలు ఈమె కంటపడ్డాయి, మిగతాది నువ్వు ఊహించుకో. 1938లో పుస్తకం వచ్చింది. మాండర్లీకి ప్రేరణ మెనబిల్లీ అని ఫోయ్ ఊరి దగ్గర పాడుబడ్డ బంగళా, పుస్తకం వచ్చాక 1943లో దాన్నే అద్దెకు తీసుకుని బాగుచేయించి ఇరవై ఏళ్ళకు పైగా కాపురం ఉంది. సొంతం మాత్రం కాలేదు, ఆఖరికి ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఇంకో చిత్రం, ఈజిప్టులో మొదలైన ఈ నవలనే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ గూఢచారులు సంకేతాలకి కోడ్ పుస్తకంగా పెట్టుకుని మళ్ళీ ఈజిప్టుకే, కైరోకి చేరారు.

సరే, ఇప్పుడు నువ్వు ఆ ఫ్యాన్సీ డ్రెస్ పార్టీకి దగ్గర్లో ఉండాలి. దయచేసి దాన్ని మెట్రోలో చదవకు. శుక్రవారం రాత్రి అన్నం తిని, ఫోన్ పక్క గదిలో పెట్టి కూర్చో. పార్టీకి ఏ వేషం వెయ్యాలని ఆ పిల్ల తర్జనభర్జన పడుతున్నప్పుడు సలహా ఇచ్చింది ఎవరో గుర్తుపెట్టుకో. అంతే, ఇంకొక్క మాట ఎక్కువ చెప్పను. అక్కణ్ణించి నిన్ను ఆపేవాళ్ళుండరు.

రెండో కాగితం

నిజంగా పూర్తయిందా? లేకపోతే ఇక్కడే మడిచెయ్, నా మీద ఒట్టు.

నేను అడగాలనుకున్నది ఒకటే. మాక్సిమ్ "రెబెక్కాని నేనే కాల్చి చంపాను" అన్నప్పుడు నీకేమనిపించింది? ఆలోచించి కాదు, ఆ క్షణంలో. ఆ పిల్లకి ఏమనిపించిందో చూశావుగా. పక్కన కూర్చున్నవాడు హంతకుడని తెలిసింది, శవాన్ని పడవలో పెట్టి ముంచేశాడు, ఆ తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఎవరో అనామకురాలిని చూపించి నా భార్యే అని సంతకం పెట్టి పూడ్చిపెట్టాడు. ఇవన్నీ వింటూ ఆమె గుండెలో మోగుతున్నది ఒకటే, ఆయన రెబెక్కాని ఎప్పుడూ ప్రేమించలేదు! అబ్బ, ఎంత హాయి! నువ్వూ ఆ పేజీలో "హమ్మయ్య" అనుకున్నావు కదూ? నేనైతే అనుకున్నాను, దాదాపు అందరూ అనుకుంటారు. మూడొందల పేజీల పాటు ఆ పిల్ల బిక్కుబిక్కుమంటున్న చూపుతోనే మనల్ని నడిపించి, తీరా హత్య బయటపడే సమయానికి మనల్ని హంతకుడి పక్కన నిలబెట్టింది రచయిత్రి. ఆ తర్వాత విచారణలో ఆత్మహత్య అని తేలితే ఊపిరి పీల్చుకుంటాం, రెబెక్కా ప్రియుడు ఫావెల్ బ్లాక్‌మెయిల్‌కి దిగితే వాణ్ణి తిట్టుకుంటాం, అందరూ కలిసి రెబెక్కా చూపించుకున్న లండన్ డాక్టరు దగ్గరికి వెళ్తుంటే దేవుడా ఏమీ బయటపడకూడదని మొక్కుకుంటాం. నిజానికి ఫావెల్ ఎంత వెధవైనా ఆ గదిలో నిజం చెబుతున్నది వాడొక్కడే.

రెబెక్కా చెడ్డది అంటారు అందరూ. ఎవరు చెప్పారు? చంపినవాడు చెప్పాడు. ఆ రాత్రి ఆమె ఏమంది, ఎలా రెచ్చగొట్టింది, ఎవరి బిడ్డ గురించి మాట్లాడింది, అన్నీ ఆయన నోటి నుంచే. ఆమెకి క్యాన్సరని, ఎక్కువ కాలం బతకదని డాక్టరు చెప్పాక, చావడానికి తనే అలా ఆడించిందని మాక్సిమ్ సర్దుకుంటాడు. అయి ఉండొచ్చు. కానీ ఒక మొగుడు పెళ్ళాన్ని చంపి "అదే నా చేత చంపించుకుంది" అంటే మన వీధిలో ఎవరైనా నమ్ముతారా? రెబెక్కా దేవత అని నేననను, సముద్రపు ఒడ్డున తిరిగే ఆ అమాయకుడు బెన్‌ని బెదిరించిన తీరు చూస్తే మంచిది కాదనే అనిపిస్తుంది. అయినా మాక్సిమ్‌ని నేను క్షమించలేను. మాంటే కార్లోలో ఆ పిల్లకి పెళ్ళి మాట ఎత్తిన పద్ధతి దగ్గరే నాకు కాలింది, బుద్ధిలేనిదానా నిన్నే పెళ్ళి చేసుకోమంటున్నా అన్నట్టు.

సాస్ గుర్తుందా? మాక్సిమ్ నిజం చెప్పిన మర్నాడు ఈ పిల్ల అదే వంటల పట్టీ మీద పెన్ను పెట్టి కొట్టేసి, ఈ చల్లటి తిండి వద్దు, వేడిగా ఏమైనా చేయించండి అంటుంది. డాన్వర్స్ మొహం మీదే, ఇప్పుడు మిసెస్ ద వింటర్‌ని నేను అంటుంది. చదువుతుంటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఆ ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో ఆలోచించాక మాత్రం చేతులు ఆగిపోతాయి.

సినిమా చూస్తానంటావు. హిచ్‌కాక్ 1940లో తీశాడు, ఆస్కార్ ఉత్తమ చిత్రం అవార్డు కూడా వచ్చింది. డాన్వర్స్‌గా జుడిత్ ఆండర్సన్‌ని చూడాలి, నడిచినట్టే ఉండదు, ఉన్నట్టుండి పక్కన ఉంటుంది. కానీ ఆ రోజుల్లో హాలీవుడ్ నిబంధనల ప్రకారం భార్యని చంపిన మొగుడు శిక్ష లేకుండా తప్పించుకోవడం చూపించకూడదు, అందుకని అందులో రెబెక్కా కాలు జారి పడి తల తగిలి పోతుంది. ముల్లు తీసేశారన్నమాట. మనం హంతకుడి కోసం మొక్కుకునే ఇబ్బందే లేకుండా పోయింది. హిందీలో 1964లో 'కోహరా' అని వచ్చింది, వహీదా రెహ్మాన్, అదే మన 'రోజులు మారాయి'లో "ఏరువాక సాగారో" పాటకి ఆడిన అమ్మాయే. హేమంత్ కుమార్ "యే నయన్ డరే డరే" అందులోదే, ఆ పాట కోసమైనా చూడు.

ఇప్పుడు ఒక పని చెయ్యి, మొదటి రెండు అధ్యాయాలు మళ్ళీ చదువు. ఆ కల, ఆ పాడుబడ్డ ఇల్లు, తర్వాత ఎక్కడో పరాయి దేశంలో చిన్న హోటలు, క్రికెట్ స్కోర్ల కోసం పాత ఇంగ్లీషు పేపర్లు, ఆయన మొహం మారే మాట ఏదీ రాకుండా జాగ్రత్తగా ఏరి చదివి వినిపించడం. కథ అక్కడే అయిపోయింది, ముందే చెప్పేసింది, మనమే పట్టించుకోలేదు. నువ్వు చివర చెప్పమని పోరుపెట్టావు గానీ, చివర నీ చేతిలో ఉండగానే చదివావు. ఆమె సుఖంగా ఉన్నట్టా? నాకు మాత్రం ఒక రోగి, ఒక నర్సు కనిపించారు.

మీ నాన్నకీ నాకూ దీని మీద పెద్ద గొడవే అయింది. ఆయన మాక్సిమ్ పక్షం. "పాపం, వాడు ఎంత నలిగిపోయాడో" అంటారు. నీ ఓటు ఎటో ఫోన్‌లో చెప్పకు, ఆయన స్పీకర్‌లో పెట్టుకుని వింటారు, నేను పక్కనుంచి నేర్పించానంటారు. సంక్రాంతికి వచ్చేటప్పుడు పుస్తకం పట్టుకురా, మీ పిన్ని అడుగుతోంది. పెన్సిల్ గీతలు చెరపకు, ఎక్కడెక్కడ గీశావో నేను చూడాలి. అట్ట ఊడిపోయి ఉంటుంది, సెల్లోటేపు మాత్రం వెయ్యకు.

అమ్మ