మక్కబీయులు దొరకలేదన్న అమ్మాయికి

పాలకొల్లు దగ్గర మన ఊరు,
నవంబరు 9.

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. సార్వా కోతలు మొదలయ్యాయి. మీ అమ్మ మోకాలి నొప్పి కొంత తగ్గింది. ఇక్కడ అందరం క్షేమం.

తాతగారి సంవత్సరీకపు పూజలో నేను చదివిన పఠనాన్ని మళ్ళీ చదువుకుందామని ఫోనులోని తెలుగు బైబిలు తెరిస్తే, అందులో మక్కబీయుల గ్రంథమే లేదని నువ్వు మొన్న అన్నావు. ఫోనులో చెబితే సగం చెవిన పడి సగం గాలికి పోతుందని ఈ ఉత్తరం వ్రాస్తున్నాను. నీ వెతుకులాటలో తప్పేమీ లేదు. నువ్వు తెరిచినది ప్రొటెస్టంటుల అరవై ఆరు గ్రంథాల బైబిలు, మన కతోలికులది డెబ్బయి మూడు గ్రంథాలది. తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుని జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయుల గ్రంథాలు రెండు, వీటితోపాటు ఎస్తేరు, దానియేలు గ్రంథాలలోని కొన్ని భాగాలు అందులో ఉండవు. 1534లో వెలువడిన లూథరు జర్మన్ బైబిలు వీటిని విడదీసి వేరే భాగంగా ముద్రించింది. 1546 ఏప్రిల్ 8న కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) త్రెంతు మహాసభ ఇవి పవిత్ర గ్రంథంలోని భాగాలేనని నిర్ణయించి చెప్పింది. తరువాత 1826లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ వీటిని చేర్చిన ప్రతులకు ధనసహాయం మానుకున్నది. మన దేశంలో ఎక్కువగా వ్యాపించిన బైబిళ్ళు ఆ సంప్రదాయంలోనివే కావడం వలన, ఉచితంగా దొరికే తెలుగు బైబిలు యాప్‌లలో చాలావరకు ఈ గ్రంథాలు కనిపించవు. కాబట్టి ఏ యాప్ అయినా, ఏ సైటు అయినా, ముందుగా విషయసూచిక తెరిచి తోబీతు ఉన్నదో లేదో చూడు. అది ఉంటే మిగిలినవీ ఉంటాయి. తాతగారి పూజలో చదివినది మక్కబీయుల రెండవ గ్రంథం పన్నెండవ అధ్యాయం చివరి భాగం. యుద్ధంలో చనిపోయినవారి పాపపరిహారార్థం వారి సేనాని యూదా మక్కబీయుడు రెండువేల ద్రాక్మాల వెండిని సేకరించి యెరూషలేమునకు పంపిన సంగతి అక్కడ ఉన్నది.

ఇక దొరికే చోట్లు. ఇంగ్లీషు నీకు బాగా వచ్చు కనుక, అమెరికా కతోలిక పీఠాధిపతుల సమాఖ్య సైటుతో మొదలుపెట్టు. ఏ రోజు పూజలోని పఠనాలు, భక్తి కీర్తన, సువిశేషం ఆ రోజు అక్కడ ఉచితంగా ఉంటాయి, వినడానికీ వీలుంది. న్యూ అమెరికన్ బైబిలు సవరించిన కూర్పు మొత్తం, అడుగున వివరణలతో సహా, అదే సైటులో ఉన్నది. ఆ వివరణలను దాటవేయవద్దు. నా మట్టుకు వచనంకన్నా అవే ముందు అర్థమయ్యేవి. అయితే చదువుకోవడానికి ఉచితమైనంత మాత్రాన అచ్చు వేసి పంచడానికి అనుమతి ఉన్నట్లు కాదు. మీ విచారణలోని (పారిష్‌లోని) పిల్లలకు ప్రతులు తీసి ఇవ్వాలంటే హక్కుల గడువు తీరిన డూయే-రైమ్స్ అనే పాత కతోలిక ఇంగ్లీషు అనువాదం మేలు. దానిలో పేర్లు నిన్ను కంగారుపెడతాయి. సమూయేలు గ్రంథాలను అక్కడ రాజులు మొదటిది, రెండవది అంటారు, దినవృత్తాంతాలను పారలిపొమెనోన్ అంటారు, మనం ఇరవై మూడవ కీర్తన అనే కాపరి కీర్తన అందులో ఇరవై రెండవది. లాటిను బైబిలు లెక్కను అనుసరించినందువలన వచ్చిన తేడా ఇది, అచ్చుతప్పు కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం డిసెంబరు 3న అమెరికా క్యాలెండరు చూసి పఠనం సిద్ధం చేసుకుని గుడికి వెళ్ళాను. పునీత ఫ్రాన్సిస్ జేవియరు మన దేశానికి పాలక పునీతుడు కనుక మనకది మహోత్సవం, వారికి సామాన్య స్మరణ మాత్రమే. పఠన పీఠం దగ్గర గ్రంథం తెరిస్తే నేను రాత్రంతా చదువుకున్నది అక్కడ లేదు. చూడకుండా చదవగలనన్న ధీమా ఆ ఉదయమే పోయింది. జూలై 3న పునీత తోమాసు పండుగ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఆదివారాలకు మాత్రం దాదాపు ఇబ్బంది ఉండదు. మత్తయి, మార్కు, లూకా సువిశేషాలు మూడేళ్ళ చక్రంగా వస్తాయి, సంవత్సరం సంఖ్య మూడుతో నిశ్శేషంగా భాగింపబడితే అది లూకా చదివే సంవత్సరం. అయితే ఈ లెక్క జనవరి నుంచి కాదు, అంతకు ముందటి ఆగమన కాలపు, అంటే క్రిస్మసుకు సిద్ధపడే నాలుగు వారాల, మొదటి ఆదివారం నుంచి మొదలవుతుంది.

వినడం ఇష్టమైతే, అసెన్షన్ అనే కతోలిక ప్రచురణ సంస్థవారు 2021 జనవరి 1న మొదలుపెట్టిన 'ఒక సంవత్సరంలో బైబిలు' పాడ్‌కాస్టు ఉన్నది. ఫాదర్ మైక్ ష్మిట్జ్ డెబ్బయి మూడు గ్రంథాలనూ 365 భాగాలలో చదివి వివరిస్తారు, పైసా కట్టనక్కరలేదు. అది ఇంగ్లీషులో కావడం ఒక్కటే నాకు లోటు. తెలుగులో అయితే సికింద్రాబాదులోని కతోలిక ప్రసార కేంద్రం అమృతవాణి నుంచి వచ్చే రేడియో వెరితాస్ తెలుగు విభాగం ఉన్నది. సందెవేళ తాతగారు ట్రాన్సిస్టరును కాలువ గట్టుకు తీసుకువెళ్ళి, షార్ట్‌వేవ్‌లో గరగర మధ్య వినేవారు. 2018లో ఆ షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆగి, అంతా ఇంటర్నెట్‌కు మారింది. ఆయన బతికి ఉంటే ఆ గరగర లేనందుకు సంతోషించేవారో, ట్రాన్సిస్టరు మూలపడినందుకు విసుక్కునేవారో!

లోతుగా చదవాలన్నప్పుడు వతికాను సైటుకు వెళ్ళు. దైవవాక్కును గురించి రెండవ వతికాను మహాసభ 1965 నవంబరు 18న వెలువరించిన దేయీ వెర్బుం ప్రకటన, కతోలిక విశ్వాస బోధలను వివరించే సత్యోపదేశ గ్రంథంలోని 101 నుంచి 141 వరకు గల పేరాలు చదివితే, బైబిలులోని కథనాన్ని, కవిత్వాన్ని, ప్రవచనాన్ని ఒకే తూకంతో తూచకూడదని శ్రీసభ (కతోలిక సంఘం) ఎందుకు చెబుతుందో తెలుస్తుంది. ఇవి చదవకుండానే వ్యాఖ్యానాల మీద పడితే ఎవరు గట్టిగా చెబితే వారి మాటే నిజమనిపిస్తుంది. మన ఇంట్లో యూట్యూబు చూసేవారికి ఈ జబ్బు ఉన్నది, పేరు చెబితే మీ అమ్మ నొచ్చుకుంటుంది. న్యూ అడ్వెంట్ సైటులో గ్రీకు, ఇంగ్లీషు, లాటిను పాఠాలు పక్కపక్కన కనిపిస్తాయి. తొలి శతాబ్దాల క్రైస్తవ గురువులైన సభాపితరుల రచనలు కూడా అక్కడ ఉన్నాయి, కాకపోతే వాటి అనువాదాలు పాతకాలపు ఇంగ్లీషులో ఉంటాయి, కొంత ఓపిక పట్టాలి. వతికాను గ్రంథాలయం నాల్గవ శతాబ్దపు గ్రీకు బైబిలు ప్రతిని పుటపుటా ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో ఉంచింది. అందులో తోబీతు ఉన్నది, నువ్వు వెతికిన మక్కబీయులు లేవు. గ్రీకు రాకపోయినా ఒకసారి చూడు. మూడు నిలువు వరుసలుగా సాగిన ఆ చేతివ్రాతను నేను పొద్దుపోయేవరకు చూస్తూ కూర్చున్నాను.

ఎవరు ప్రచురించారో తెలియని పుస్తకం ఎక్కడైనా కనిపిస్తే, మొదటి పుటలలో పీఠాధిపతి అనుమతి, అంటే ఇంప్రిమాతుర్, ఉన్నదేమో చూడు. అది లేని ప్రతిదీ చెడ్డదని కాదు, చదివేటప్పుడు మరికొంత మెలకువ కావాలని మాత్రమే.

ఇవన్నీ ఒకేసారి ఫోనులోకి ఎక్కించుకోవద్దు. నేను ఆ పనే చేసి, పదకొండు యాప్‌లు పెట్టుకుని ఒక్క సువిశేషమూ పూర్తిచేయలేదు. ప్రస్తుతానికి రోజువారీ పఠనాలు, వాటి పక్కన తోబీతు గ్రంథం చాలు. చూపు పోయిన తోబీతు, దూరదేశానికి డబ్బు తేవడానికి పంపబోయే కొడుకుకు చెప్పిన మాటలు నాలుగవ అధ్యాయంలో ఉన్నాయి. నువ్వు ఉద్యోగానికి బయలుదేరిన రోజు స్టేషనులో నేను చెప్పాలనుకుని, సూటుకేసు సర్దే హడావుడిలో చెప్పలేకపోయినవి చాలావరకు అవే. ఆ ప్రయాణంలో కొడుకు వెంట ఒక కుక్క కూడా నడుస్తుంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ మళ్ళీ కనిపిస్తుందో చూసి, ఆదివారం పూజ అయిన తరువాత ఫోను చేసి నాకు చెప్పు.

ఇట్లు,
మీ నాన్న