సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తే ముందు స్టాక్ చూడండి

సంపాదకులకు,

కోనసీమ నుంచి భీమవరం దాకా కాలేజీ ల్యాబుల్లో పాత లినక్స్ మెషీన్ల మీద సీ ప్రోగ్రాములు రాసే పిల్లల కోసం ఈ ఉత్తరం. 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' (తనది కాని మెమరీని ముట్టుకుందనే ఎర్రర్) అని ప్రోగ్రాం కూలగానే ర్యామ్ మార్చమనడం, ఓఎస్ మళ్లీ వేయించడం అలవాటైపోయింది. గోదారి నిండుగా పారుతున్నా తూము ఎంతుంటే బోదెలోకి నీళ్లు అంతే. ర్యామ్ ఎంతున్నా, ఫంక్షన్ల లోపలి వేరియబుల్స్ ఉండే స్టాక్‌కు దాని హద్దు మేరకే దక్కుతుంది.

కమాండ్లు కొట్టే షెల్ బాష్‌లో 'యూలిమిట్ -ఎస్' కొడితే ఆ హద్దు కిలోబైట్లలో వస్తుంది. లినక్స్‌లో మామూలుగా 8192, అంటే 8 ఎంబీ. సీ షెల్‌లోనైతే 'లిమిట్ స్టాక్‌సైజ్'. రొయ్యల చెరువుల ఆక్సిజన్ రీడింగుల కోసం ఫంక్షన్ లోపల డబుల్ రకం (ఒక్కోటి 8 బైట్లు) 1000×1000 అర్రే పెట్టారనుకోండి. 80 లక్షల బైట్లు, హద్దు 83,88,608. అంచున బతికిపోతుంది. 1100×1100 చేస్తే 96,80,000, కూలుతుంది. అదీ ఆ ఫంక్షన్‌లోని మొదటి ప్రింట్‌ఎఫ్ కూడా పలక్కుండానే. ప్రింట్‌ఎఫ్‌ను పిలవాలంటే తిరిగొచ్చే అడ్రస్‌ను స్టాక్ మీదే పెట్టాలి కదా, ఆ చోటే లేదు. దాంతో తప్పు అంతకు ముందు ఫంక్షన్‌లో ఉందనుకుని రోజంతా అక్కడే వెతుకుతారు. అర్రేకు జాగాను స్టాక్ బయట, మాలాక్‌తో తీసుకుంటే సరిపోతుంది. 'స్టాటిక్' అని చేర్చినా చాలు గానీ, ఫంక్షన్ తనను తానే పిలుచుకునే రికర్షన్‌లో అది అన్ని పిలుపులకూ ఒకటే అర్రే అవుతుంది.

కారణం తేలాలంటే '-జీ'తో కంపైల్ చేసి, 'యూలిమిట్ -సీ అన్‌లిమిటెడ్' కొట్టి మళ్లీ నడపండి. పడిన కోర్ ఫైలును (కూలినప్పటి మెమరీ నకలు) డీబగ్గర్ జీడీబీలో తెరిచి, ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే 'బీటీ' కొట్టండి. ఒకే ఫంక్షన్ పేరు వేల వరసలు దొర్లితే ఆగని రికర్షన్. 'బీటీ -20' అంటే అడుగు 20 వరసలే వస్తాయి, అది ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. దీనికి హద్దు పెంచితే కూలడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. వరసలు నాలుగైదే ఉంటే పెద్ద అర్రే ఏదైనా ఉందేమో చూడాలి.

పెంచక తప్పదంటే 'యూలిమిట్ -ఎస్ 65536'. ఇది ఆ షెల్‌కూ అందులోంచి నడిపినవాటికే. వేళకు వాటంతటవే నడిచే క్రాన్ పనులకు అంటదు. ఒక మెలిక ఉంది. బాష్‌లో ఉత్త చిన్న ఎస్‌తో తగ్గిస్తే హార్డ్ లిమిట్ (పెంచుకోగల గరిష్ఠ హద్దు) కూడా దిగిపోతుంది, ఆ షెల్‌లో మామూలు యూజర్ మళ్లీ పెంచలేడు. పరీక్షకు తగ్గించేటప్పుడు పెద్ద ఎస్, చిన్న ఎస్ కలిపి కొట్టాలి.

'అన్‌లిమిటెడ్ పెట్టేస్తే పోలా' అంటారు. ఒకేసారి పలు పనులు నడిపే థ్రెడ్ల ప్రోగ్రాముల్లో అదే ఎదురుతిరుగుతుంది. లినక్స్‌లోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ ఒక్కో థ్రెడ్‌కు మామూలుగా ఆ హద్దంత స్టాక్ ఇస్తుంది. అన్‌లిమిటెడ్ అని ఉంటే మాత్రం ఇంటెల్ మెషీన్ల మీద 2 ఎంబీయే! పోనీ 64 ఎంబీ పెడదామంటే, 32 బిట్ మెషీన్‌లో ప్రోగ్రాంకు దొరికే అడ్రస్ జాగా 3 జీబీ. 48 థ్రెడ్లు కూడా పట్టవు. 'పీథ్రెడ్ ఆట్ర్ సెట్‌స్టాక్‌సైజ్'తో ఏ థ్రెడ్‌కు కావలసినంత దానికి అడగడమే మేలు.

ల్యాబ్ మాన్యువల్‌లో యూలిమిట్‌కూ జీడీబీకీ ఒక్క పేజీ కేటాయించమని కాలేజీలను కోరుతున్నాం.

- కంప్యూటర్ ల్యాబ్ సిబ్బంది, అమలాపురం