విదేశాంగ మంత్రి గారికి గాజువాక నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

బయటివాళ్లు మన దేశానికి రావడం మీద 1920, 1939, 1946, 2000 నాటి చట్టాలు నాలుగూ తీసేసి, 2025లో ఒకే చట్టం తెచ్చారు. సెప్టెంబర్ 1 నుంచి అమలు కూడా. అది హోం శాఖ పని, సంతోషం. మన పిల్లలు బయటికి పోయేది మాత్రం మీ శాఖ కిందే కదండీ. దానికి 1983 నాటి వలసల చట్టమే గతి. కొత్త చట్టానికి 2019లో ఒక ముసాయిదా, 2021లో ఇంకొకటి, 2025లో మరొకటి. అభిప్రాయాలు అడుగుతారు, చెబుతాం, అంతే సంగతులు.

మా అక్క కొడుకు ఇంటర్ పాసయ్యాడు. టెన్త్ గట్టెక్కితే ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు, పనికి బయటికెళ్లడానికి సర్కారు అనుమతి అక్కర్లేనిది. అంటే వాడు లోకజ్ఞాని అని చట్టమే తేల్చేసింది! అనుమతి కావాల్సిన ఈసీఆర్ పాస్‌పోర్టు అయినా ఒరిగేదేమీ లేదు, ఆ అనుమతి అడిగే 18 దేశాల జాబితాలో కంబోడియా లేదు. ఇక్కడి ఏజెంటొకడు డేటా ఎంట్రీ ఉద్యోగమని లక్షన్నర గుంజి టూరిస్టు వీసా మీద పంపాడు. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, మన తెలుగువాళ్లకే ఫోన్లు చేసి మోసం చెయ్యమన్నారు. 2024 మేలో విశాఖ పోలీసులు ఇలాంటి ముఠా గుట్టు బయటపెట్టాకే మాకు తల తిరిగింది. మావాడు ఎలాగో ఇల్లు చేరాడు.

అప్పటి నుంచి తిరుగుతూనే ఉన్నాం. ఏజెంటు రసీదు మీద ‘టూర్ ప్యాకేజీ నిమిత్తం’ అని రాశాడు. ఒక ఆఫీసులో గుమస్తా గారు ఆ మాట కింద పెన్నుతో గీత గీసి, ‘ఇది టూర్ తగాదా, వినియోగదారుల ఫోరానికి పోండి’ అన్నారు. స్టేషన్లో అడిగితే విదేశీ పనులకు పంపే ఏజెంట్ల లైసెన్సు సంగతి ఢిల్లీ వాళ్లు చూడాలన్నారు. ఆన్‌లైన్‌లో పెడితే రాష్ట్రానికి పంపామని మెసేజ్. సోమవారం అర్జీ ఇస్తే మళ్లీ అదే స్టేషన్‌కి వచ్చింది. ఈలోగా ఏజెంటు బోర్డు మార్చి పక్క వీధిలోనే కొట్టు తెరిచాడు. మమ్మల్ని చూసి నమస్కారం కూడా పెడుతున్నాడు.

పెట్టడా మరి? లైసెన్సున్నవాడు 30,000, ఆపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లేనివాడు ఎంతైనా దండుకోవచ్చు, దొరికితే మీ చట్టం వేసే జరిమానా 2,000 దాకా. జైలు రెండేళ్ల దాకా అని ఉంది లెండి, ముందు కేసంటూ కట్టాలిగా. అక్క గాజులు తాకట్టులోనే ఉన్నాయి, వడ్డీ మాత్రం నెల తప్పకుండా వస్తోంది.

అయ్యా, లోపలికొచ్చేవాళ్లకు ఒక్క చట్టం చేసినట్టే బయటికెళ్లేవాళ్లకూ చెయ్యండి. టూరిస్టు వీసా మీద పనికి పంపేవాణ్ణి అందులో పట్టుకోండి. ఫిర్యాదు ఎవరు తీసుకోవాలో ఒక్కరి పేరు రాయండి. ఆ ఒక్కరెవరో చెప్పండి చాలు, మిగతా తిప్పలు మేం పడతాం.

జవాబు ఇంగ్లీషులో ఇచ్చినా పర్వాలేదు, చదివించుకుంటాం. ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని మాత్రం రాయకండి, అవి మా ఇంట్లో చాలా ఉన్నాయి.

ఇట్లు,
ఒక మేనమామ,
గాజువాక, విశాఖపట్నం